వేగాస్... కొసరు మరిచిన నగరం!

ఒకప్పుడు జేబు ఖాళీ అయినా నవ్వుతూ ఇంటికెళ్లేవారు. ఇప్పుడు ఒక్క ఆటైనా ఆడకుండానే అలిగి వెళ్తున్నారు. అమెరికా జూద నగరం లాస్‌వేగాస్ మీద పర్యాటకులకు ఎందుకింత కోపం?

హోటల్ గదిలో చిన్న ఫ్రిజ్. అందులో ఓ నీళ్ల సీసా. దాహమేసి తాగితే బిల్లులో 26 డాలర్లు! మన లెక్కలో రెండు వేల రూపాయల పైమాటే. 2025లో లాస్‌వేగాస్‌లోని ఓ ఖరీదైన హోటల్ గురించి బయటికొచ్చిన ఈ కబురు అమెరికా అంతా చుట్టేసింది. నవ్వినవాళ్లు నవ్వారు, తిట్టినవాళ్లు తిట్టారు. అప్పటికే అక్కడికెళ్లి వచ్చినవాళ్లు మాత్రం ‘మా సంగతీ అంతే’ అంటూ తలో కథా విప్పారు.

కారు ఆపితే డబ్బులు. గది అద్దె కాకుండా ‘రిసార్ట్ ఫీజు’ పేరుతో రోజుకింత. గది కాస్త ముందుగా కావాలంటే దానికో రుసుం. కొన్నిచోట్ల ఫ్రిజ్‌లోని వస్తువును ఊరికే పైకెత్తి చూసినా బిల్లులో పడిపోతుంది... కిందున్న సెన్సర్ అది మనం తీసుకున్నట్టే లెక్కేస్తుంది మరి! కాసినోలో పోగొట్టుకున్నదానికి బాధ లేదట, హోటల్ బిల్లు చూస్తేనే ఒళ్లు మండిందట. తిరిగొచ్చినవాళ్లలో చాలామంది వరస ఇదే.

ఆ మంట అంకెల్లోనూ కనిపిస్తోంది. 2024లో లాస్‌వేగాస్‌కు 4.17 కోట్ల మంది వచ్చారు. 2025లో ఆ సంఖ్య 3.85 కోట్లకు పడిపోయింది. అంటే ఏడాదిలో ఏడున్నర శాతం కోత. ఒక్క జూన్ నెలనే చూస్తే ముందటేడు జూన్ కంటే 11 శాతం తక్కువ. కరోనా దెబ్బకు 2020లో నగరమే మూతపడిన సంగతి పక్కన పెడితే, ఇంతటి తగ్గుదలను వేగాస్ ఈమధ్య కాలంలో చూడలేదు.

ఖర్చు ఒక్కటే కారణమా? న్యూయార్క్ ఖరీదే, పారిస్ ఖరీదే. అక్కడికెళ్లినవాళ్లు ఇంతగా నొచ్చుకోవడం లేదే! ఈ కోపం వెనక సంగతి అర్థం కావాలంటే మన కూరగాయల కొట్టును గుర్తుచేసుకోవాలి. అరకిలో వంకాయలు కొంటే కొట్టతను అడక్కుండానే గుప్పెడు కరివేపాకు సంచిలో పడేస్తాడు. అది కొసరు. దాని ఖరీదు ఎంతో ఉండదు. కానీ ఓ రోజు కరివేపాకుకూ లెక్కగట్టి డబ్బులడిగితే చిర్రెత్తుకొస్తుంది. మర్నాటి నుంచి పక్క కొట్టుకెళ్తాం. వేగాస్ ఎనభై ఏళ్లు బతికింది కొసరు మీదే. ఇప్పుడు ఆ కొసరుకే వెల కట్టింది!

ఎడారిలో పుట్టిన మర్యాద

లాస్ వేగాస్ అంటే స్పానిష్ భాషలో పచ్చిక బయళ్లు. నెవాడా ఎడారి మధ్యలో నాలుగు నీటి ఊటలు, వాటి చుట్టూ కాస్త పచ్చిక ఉండటంతో ఆ పేరొచ్చింది. ఆవిరి ఇంజిన్లకు నీళ్లు కావాలి కాబట్టి రైలు అక్కడ ఆగేది. 1905 మే 15న రైల్వే కంపెనీ ఆ చుట్టుపక్కల స్థలాలను వేలం వేసింది. ఊరు అలా పుట్టింది.

1931లో రెండు సంగతులు జరిగాయి. మార్చి 19న నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది. అదే ఏడు దగ్గర్లోని కొలరాడో నది మీద హూవర్ డ్యామ్ పని మొదలైంది. వేలమంది కూలీలు, వాళ్ల చేతిలో వారం వారం జీతం డబ్బులు... ఇంకేం కావాలి!

1941లో ఊరి బయట, లాస్‌ఏంజెలెస్ వెళ్లే రోడ్డు పక్కన ‘ఎల్ రాంచో వేగాస్’ అనే హోటల్ వెలిసింది. కార్లలో వచ్చేవాళ్లను ఆకట్టుకోవాలని బోలెడు జాగా వదిలి కట్టారు. ఈనాడు ప్రపంచమంతా ‘స్ట్రిప్’ అని పిలిచే వీధికి అదే తొలి హోటల్. విచిత్రమేమిటంటే ఈ స్ట్రిప్ లాస్‌వేగాస్ నగర పరిధిలోకే రాదు! కాగితాల ప్రకారం అందులో ఎక్కువ భాగం క్లార్క్ కౌంటీలోని ‘పారడైజ్’ అనే ప్రాంతం. స్వర్గమన్నమాట. 1946 డిసెంబరు 26న అక్కడే ‘ఫ్లెమింగో’ తలుపులు తెరిచింది. దాన్ని నడిపిన బగ్సీ సీగెల్ పేరుమోసిన నేరగాడు. ఆరు నెలలు తిరక్కుండానే తుపాకి గుళ్లకు బలైపోయాడు. హోటల్ మాత్రం నిలిచింది.

హోటల్‌కు వచ్చినవాడు బయటికి పోకుండా కాసినోలోనే ఉండాలంటే ఏం చేయాలి? కడుపు నిండా తిండి పెట్టాలి. ఎల్ రాంచో 1940ల్లోనే డాలరుకు ఎంత కావాలంటే అంత తినే బఫే పెట్టింది. పాత బస్తీ లాంటి డౌన్‌టౌన్‌లో ‘గోల్డెన్ గేట్’ కాసినో 1959లో అర డాలరుకే గ్లాసు నిండా రొయ్యలు అమ్మింది. 1991 దాకా ఆ ధర మారలేదు. అది కూడా 99 సెంట్లకు పెంచారంతే!

ఈ విద్యలో ఆరితేరినవాడు బెన్నీ బినియన్. 1951లో డౌన్‌టౌన్‌లో ‘హార్స్‌షూ’ కాసినో తెరిచాడు. చిన్నవాణ్ని పెద్దవాడిలా చూస్తే మనం ధనవంతులమవుతాం - ఇదీ ఆయన సూత్రం. లక్షలు పందెం కాసేవాడికే కాదు, నాణేలు వేసుకునే లారీ డ్రైవరుకూ చేతికి గ్లాసు అందేది. బినియన్ గతం మంచిది కాదు, జైలుకూ వెళ్లొచ్చాడు. కానీ వచ్చినవాణ్ని కొత్తల్లుడిలా చూడటం మాత్రం ఊరంతటికీ నేర్పాడు.

అదేమీ దానధర్మం కాదని అందరికీ తెలుసు. గది చవక, తిండి చవక, మందు ఉచితం, వినోదం ఉచితం. ఆ ఖర్చంతా బల్ల దగ్గర ఓడిపోయినవాడి డబ్బుతోనే తీరేది. అయినా ఓడినవాడు నవ్వుతూ వెళ్లేవాడు. పోయింది ఆటలో పోయింది, దక్కింది మర్యాదగా దక్కింది!

ఆ వీధిలో ఓ చుట్టు...

స్ట్రిప్ పొడవు దాదాపు ఏడు కిలోమీటర్లు. దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ పోతే కొసరు ఎక్కడెక్కడ కరిగిపోయిందో కళ్లారా చూడొచ్చు. వేసవిలో మాత్రం పగటిపూట ఈ సాహసం వద్దు. 2024 జులై 7న అక్కడ 120 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో 49 సెల్సియస్‌కు కాస్త తక్కువ. రెంటచింతల ఎండ కూడా చిన్నబోవాల్సిందే.

దక్షిణం వైపునే కనిపిస్తుంది నల్లటి అద్దాల పిరమిడ్, ‘లక్సర్’. దాని పక్కనే బొమ్మరిల్లు కోటలా ఉండే ‘ఎక్స్‌కాలిబర్’. ఇవి 1990ల నాటివి. అప్పట్లో వేగాస్‌కు పిల్లాపాపలతో వచ్చేవాళ్లనూ రప్పించాలన్న సరదా పుట్టింది. అందుకే కోటలు, పిరమిడ్లు, సముద్రపు దొంగల ఓడలు వచ్చాయి. మధ్యతరగతి కుటుంబాలకు అందుబాటులో ఉండే గదులివి. లక్సర్‌లోని బఫే 2025లో మూతపడింది. కరోనా తర్వాత స్ట్రిప్ మీద మిగిలిన బఫేలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెద్ద హోటళ్లలో ఉన్నవాటిలో డాలరు తిండి ఊసే లేదు, మనిషికి యాభై, ఎనభై డాలర్లు వదిలించుకోవాల్సిందే.

కాస్త ముందుకెళ్తే ఒకప్పుడు ‘ట్రాపికానా’ ఉన్న చోటు. 1957లో తెరిచిన ఆ హోటల్‌ను 2024 ఏప్రిల్‌లో మూసేశారు. అక్టోబరు 9న తెల్లవారుజామున బాణసంచా వెలుగుల మధ్య పేల్చేశారు. పాత హోటల్‌ను పేల్చడమూ అక్కడ ఓ వేడుకే! అక్కడ బేస్‌బాల్ స్టేడియం కడుతున్నారు.

మధ్యలో వస్తుంది ‘బెలాజియో’. ఎనిమిదెకరాల చెరువు, వెయ్యికి పైగా చిమ్ముడు గొట్టాలు, పాటకు తగ్గట్టు నాట్యమాడే నీళ్లు. 1998 నుంచీ ఈ ఆట రోడ్డు మీద నిలబడ్డ ఎవరికైనా ఉచితం. ఇప్పటికీ ఉచితమే. కానీ 2023 నవంబరులో ఫార్ములా వన్ కారు పందేల కోసం ఆ చెరువు ముందున్న చెట్లు కొన్ని కొట్టేసి గ్యాలరీలు కట్టారు. అంతకాలం ఊరికే చూసిన దృశ్యానికి ఆ కొన్నాళ్లు టికెట్ అడ్డం పడింది. ఇంతాచేసి తొలిరాత్రి ఏమైంది? రోడ్డు మీది ఇనుప మూత ఊడి ఓ కారును దెబ్బతీసింది. సాధన పరుగు ఎనిమిది నిమిషాలకే ఆగిపోయింది. అది మళ్లీ మొదలయ్యేలోపు, టికెట్లు కొన్న ప్రేక్షకుల్ని ఇంటికి పొమ్మన్నారు!

ఇంకొంత దూరం నడిస్తే ‘మిరాజ్’. వేగాస్ రూపు మార్చిన హోటలిది. 1989లో స్టీవ్ విన్ దీన్ని తెరిచినప్పుడు గుమ్మం ముందు ఓ అగ్నిపర్వతాన్నే నిలబెట్టాడు. సాయంత్రమైతే అది బద్దలై నిప్పులు కక్కుతుంటే పేవ్‌మెంట్ మీద జనం నోరెళ్లబెట్టి చూసేవారు. దానికి టికెట్ లేదు. 2024 జులై 17న మిరాజ్ మూతపడింది. యంత్రాల్లో పోగుపడిన 16 లక్షల డాలర్ల బహుమతి సొమ్మును మూసేలోపు పంచి తీరాలని నిబంధన. దాంతో చివరి రోజుల్లో జనం ఎగబడ్డారు. మిరాజ్ చివరిసారి కొసరు పంచింది అప్పుడే! అగ్నిపర్వతం నేలమట్టమైంది. ఆ చోట గిటారు ఆకారంలో ఓ హోటల్ లేస్తోంది.

పక్కనున్న ‘ట్రెజర్ ఐలండ్’ ముందు సముద్రపు దొంగల యుద్ధం జరిగేది. 2013లో అదీ ఆగింది. ఎంజీఎం గ్రాండ్‌లో అద్దాల వెనక సింహాలుండేవి. 2012లో వెళ్లిపోయాయి. వీటి బదులు కొత్త ఆకర్షణలేవీ రాలేదా అంటే, వచ్చాయి. 2023 సెప్టెంబరులో తెరుచుకున్న ‘స్ఫియర్’ ఉంది. 230 కోట్ల డాలర్లతో కట్టిన గోళం అది. రాత్రిపూట కాసేపు చందమామలా, కాసేపు పెద్ద కనుగుడ్డులా మారిపోతూ మెరుస్తుంటుంది. బయటి నుంచి చూపు ఉచితం. లోపలికి పోవాలంటే మాత్రం చాలా ప్రదర్శనలకు మనిషికి వంద డాలర్లు దాటుతుంది. పాత వేగాస్ రోడ్డు మీద ఆట చూపించి లోపలికి పిలిచేది. కొత్త వేగాస్ ముందు టికెట్ చూపించమంటోంది!

అలాగని అన్నీ పోయాయనుకోవద్దు. బెలాజియో లోపలి పూలతోట, ఫ్లెమింగో పక్షులు, ‘సర్కస్ సర్కస్’లో 1968 నుంచీ నడుస్తున్న సర్కస్ విన్యాసాలు, డౌన్‌టౌన్‌లో ఫ్రీమాంట్ వీధి మీద పందిరిలా పరిచిన దీపాల తెర... ఇవన్నీ ఇంకా ఉచితమే. కాకపోతే వెతుక్కోవాలి.

బిల్లులో వింత వరసలు

వేగాస్ బిల్లు చదవడం ఓ కళ. గది అద్దె ఓ వరస. దాని మీద 13 శాతం పైచిలుకు పన్ను ఓ వరస. ఆ కింద ‘రిసార్ట్ ఫీజు’. ఇంటర్నెట్, వ్యాయామశాల, ఫోను వాడుకున్నందుకట. వాడుకోకపోయినా కట్టాల్సిందే! పెద్ద హోటళ్లలో ఇది రోజుకు 50 డాలర్లు దాటింది. వారం మధ్యలో గది 40 డాలర్లకే వచ్చిందని మురిసిపోయేలోపే ఫీజు అద్దెను మించిపోయిన సందర్భాలున్నాయి. తోక కుక్కను ఆడించడమంటే ఇదే మరి!

అమెరికా ప్రభుత్వానికీ ఇది తలనొప్పయింది. ఇలాంటి తప్పనిసరి ఫీజులన్నీ కలిపి అసలు ధరగా ముందే చూపించాలన్న కేంద్ర వాణిజ్య సంఘం నిబంధన 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చింది. ఫీజు పోలేదు, దాపరికం పోయింది. అంతే తేడా.

ఇక పార్కింగ్. స్ట్రిప్ పుట్టిందే కార్లలో వచ్చేవాళ్ల కోసం. కారు ఆపుకోవడం అక్కడ జన్మహక్కులా ఉండేది. 2016లో ఎంజీఎం సంస్థ తన హోటళ్లలో రుసుం మొదలుపెట్టింది. సీజర్స్ సంస్థ వెంటే నడిచింది. ఈ ఒక్క పనితో స్థానికులు స్ట్రిప్ వైపు రావడం తగ్గించారు. అతిథి గుమ్మంలో అడుగుపెట్టకముందే చెయ్యి చాపితే ఎవరికి నచ్చుతుంది?

ఆటలోనూ కొసరు పాయె

సరే, ఆడటానికే వచ్చాడనుకుందాం. బ్లాక్‌జాక్ సంగతి చూడండి. ముక్కలు 21 కావాలి. మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది పడితే పండగే. పది డాలర్లు కాస్తే పదిహేను వచ్చేవి. ఇప్పుడు స్ట్రిప్ మీద చాలా బల్లల దగ్గర పన్నెండే ఇస్తున్నారు. మూడు డాలర్లే కదా అనుకోవచ్చు. కానీ గంటల తరబడి ఆడేవాడికి ఈ తేడాతో కాసినో లాభం కొన్ని రెట్లు పెరుగుతుంది.

రూలెట్ చక్రం కథా అంతే. 1 నుంచి 36 దాకా అంకెలు, ఓ సున్నా. ఆ సున్నాయే కాసినో వాటా. నూరు డాలర్లు కాస్తే సగటున 2.70 డాలర్లు ఇంటివాడివి. అమెరికాలో మొదట్నుంచీ రెండు సున్నాలు వాడుకలో ఉన్నాయి. వాటా 5.26 అయింది. 2016లో స్ట్రిప్ మీద మూడో సున్నా వచ్చింది. వాటా 7.69! గెలిచిన అంకెకు ఇచ్చేది మాత్రం మారలేదు, ఎప్పటిలా ఒకటికి ముప్పై అయిదే.

ఉచిత మందుకూ కళ్లెం పడింది. కొన్ని బార్లలో పేకాట యంత్రం వెనక చిన్న దీపం ఉంటుంది. ఆడేవాడు తగినంత వేగంగా, తగినంత డబ్బు పెట్టి ఆడుతుంటేనే అది వెలుగుతుంది. వెలిగితేనే గ్లాసు. చిన్నవాణ్ని పెద్దవాడిలా చూడమన్న బినియన్ సూత్రం ఎక్కడ, ఈ దీపం ఎక్కడ! పాతికేళ్ల కిందటి దాకా గెలిచినవాడి పళ్లెంలో నాణేలు గలగలా రాలేవి. ఇప్పుడు యంత్రం ఓ కాగితం ముక్క కక్కుతుంది. సౌకర్యమే కావచ్చు. గెలిచిన చప్పుడు మాత్రం లేదు.

ఎందుకిలా..?

వేగాస్ పెద్దలకు ఈమాత్రం తెలియదా? తెలుసు. కానీ లెక్కలు వేరే దారి చూపించాయి. జూదం అంటే వేగాసే అన్న రోజులు ఎప్పుడో పోయాయి. 1978లో తూర్పు తీరాన అట్లాంటిక్ సిటీలో కాసినోలొచ్చాయి. 1988 చట్టంతో అమెరికా ఆదివాసీ తెగలు తమ నేలల మీద కాసినోలు పెట్టుకున్నాయి. 2006లో చైనాలోని మకావ్, జూదం ఆదాయంలో వేగాస్‌ను దాటిపోయింది. 2018లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆటల మీద పందేలు రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో సెల్‌ఫోన్లోకే వచ్చేశాయి. ఇంట్లో సోఫాలో కూర్చుని పందెం కాసేవాడు ఎడారి దాకా ఎందుకొస్తాడు?

దాంతో వేగాస్ జూదం మీద ఆధారపడటం తగ్గించుకుంది. గదులు, భోజనాలు, పాటకచేరీలు, సదస్సులు... స్ట్రిప్ ఆదాయంలో సగానికి పైగా పాతికేళ్లుగా వీటినుంచే వస్తోంది. ఒకప్పుడు కొసరుగా ఇచ్చినవే ఇప్పుడు అసలు సరుకులయ్యాయి!

దీనికి తోడు యాజమాన్యాల తీరూ మారింది. హోటల్ నడిపేది ఒకరు, భవనం ఇంకొకరిది. 2019లో ఎంజీఎం బెలాజియో భవనాన్ని బ్లాక్‌స్టోన్ సంస్థకు 425 కోట్ల డాలర్లకు అమ్మి, ఏటా 24.5 కోట్ల డాలర్ల అద్దెకు తీసుకుంది. సీజర్స్ ప్యాలెస్, ఎంజీఎం గ్రాండ్, వెనీషియన్ భవనాలన్నీ ‘విచి’ అనే ఆస్తుల సంస్థవి. నెలనెలా అద్దె కట్టాల్సినవాడు కరివేపాకునూ తూకమేస్తాడు.

2021లో కరోనా ఆంక్షలు సడలగానే జనం వెల్లువెత్తారు. ఎంత చెబితే అంత ఇచ్చారు. అదే శాశ్వతమనుకున్నారు. ఇంతలో 2025 వచ్చింది. సుంకాల గొడవతో, అమెరికా నేతల మాటలతో నొచ్చుకున్న కెనడావాళ్లు రావడం బాగా తగ్గించారు. విదేశీ అతిథుల్లో ఎక్కువమంది వాళ్లే. దేశంలోనూ మధ్యతరగతి ఖర్చుకు వెనకాడింది. సదస్సులకొచ్చేవాళ్లు పెద్దగా తగ్గలేదు. సొంత డబ్బుతో సరదాగా వచ్చేవాళ్లే తగ్గారు. కంపెనీ ఖర్చుతో వచ్చేవాడు బిల్లు చదవడు కదా!

ఇంకో విచిత్రం. 2024లో నెవాడా కాసినోలు 1,560 కోట్ల డాలర్లు గెలుచుకున్నాయి. అప్పటికదో రికార్డు. 2025లో జనం తగ్గినా ఆ సొమ్ము తగ్గలేదు. అంటే వచ్చిన తక్కువమంది నుంచే ఎక్కువ పిండుతున్నారు. అందుకే మేలుకోవడం ఆలస్యమైంది.

మనవాళ్ల వేగాస్

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు వేగాస్ కొత్త కాదు. అమెజాన్ కంపెనీ క్లౌడ్ సదస్సు 2012లో మొదలైంది అక్కడే. జనవరిలో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనా అక్కడే. సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్న మనవాళ్లు మెడలో బ్యాడ్జీలతో ఆ కాసినోల మధ్య తిరుగుతుంటారు. 2022లో వచ్చిన ‘లైగర్’ సినిమా కోసం విజయ్ దేవరకొండ, బాక్సర్ మైక్ టైసన్ తలపడింది కూడా వేగాస్‌లోనే.

వీళ్లకంటే ముఖ్యమైన అతిథులు ఇంకొకరున్నారు. పిల్లల్ని చూడ్డానికి విజయవాడ నుంచో, వరంగల్ నుంచో వెళ్లే అమ్మానాన్నలు. లాస్‌ఏంజెలెస్, వేగాస్, గ్రాండ్ కాన్యన్... ఈ మూడూ కలిపి కారులో చుట్టబెట్టే యాత్ర అక్కడి మన ఇళ్లలో దాదాపు ఆనవాయితీ. ఆ తరానికి జూదమంటే పడదు. మహా అయితే కొడుకు ఇచ్చిన డాలరు నోటు యంత్రంలో పెట్టి ఓసారి మీట నొక్కి, ‘పోయిందిలే’ అని నవ్వేస్తారు. వాళ్లకు కావాల్సింది ఫౌంటెన్లు, దీపాలు, అగ్నిపర్వతం. నిజానికి పాత వేగాస్‌లో అందరికంటే లాభపడింది ఇలా ఆడనివాళ్లే. ఎవరో ఓడిన డబ్బుతో వీళ్లకు చవక గది, ఉచిత వినోదం దక్కేవి. కొత్త పద్ధతిలో మొదట దెబ్బ తగిలిందీ వీళ్లకే.

వెళ్లాలనుకునేవాళ్లు కొన్ని సంగతులు గుర్తుంచుకుంటే మేలు. శుక్ర, శనివారాల కంటే మంగళ, బుధవారాల్లో గదులు బాగా చవక. పెద్ద సదస్సులున్న వారం మాత్రం ఏ రోజైనా ధర కొండెక్కుతుంది. రిసార్ట్ ఫీజు, పన్ను, పార్కింగ్ కలిపిన మొత్తాన్నే పోల్చి చూసుకోవాలి. ఫ్రిజ్‌లోని వస్తువుల జోలికి పోవద్దు, రోడ్డు మీది మందుల దుకాణాల్లోనే నీళ్లు, తినుబండారాలు దొరుకుతాయి. స్ట్రిప్ పొడవునా ‘డ్యూస్’ అనే రెండంతస్తుల సిటీబస్సు తిరుగుతుంది. 21 ఏళ్లు నిండని పిల్లలు యంత్రాల దగ్గర ఆగకూడదు, దాటి వెళ్లొచ్చంతే. పులిహోర డబ్బా ఎలాగూ కారులో ఉంటుంది!

పళ్లేలు మోసే చేతులు

ఈ అలకలో నలిగేది హోటల్ యజమానులు కాదు. గదులు ఊడ్చేవాళ్లు, పళ్లేలు మోసేవాళ్లు, ముక్కలు పంచేవాళ్లు. వేగాస్‌లో ‘కలినరీ యూనియన్’ అని బలమైన కార్మిక సంఘం ఉంది. దాదాపు 60 వేల మంది సభ్యులు. 2023 నవంబరులో సమ్మె అంచుదాకా వెళ్లి అయిదేళ్లలో 32 శాతం పెరుగుదల సాధించుకున్నారు. 2025 నాటికి స్ట్రిప్ మీది పెద్ద కాసినోలన్నీ సంఘం కిందికొచ్చాయి. అమెరికాలో చదువు పెద్దగా లేకపోయినా సొంతిల్లు కట్టుకోగలిగిన కార్మికులున్న ఊళ్లలో వేగాస్ ఒకటి.

కానీ జీతం ఎంత పెరిగినా గది ఖాళీగా ఉంటే ఊడ్చే పని ఉండదు. అతిథి రాకపోతే టిప్పు లేదు. జనం తగ్గిన వారం మొదట కోత పడేది పిలిస్తేనే పనికొచ్చేవాళ్ల పూటలకే. ఇంకో సంగతి, రిసార్ట్ ఫీజు కట్టి ఉడుక్కున్న అతిథి ఆ కసి తీర్చుకునేది టిప్పు మీదే. ఇరవయ్యారు డాలర్ల నీళ్ల సీసాకు శిక్ష పడేది దాన్ని గదిలో సర్దిన మనిషికన్నమాట!

తగ్గింపు వేరు... కొసరు వేరు

వేగాస్ పని అయిపోయిందా? తొందరపడి ఆ మాట అనొద్దు. 1955లోనే ‘లైఫ్’ పత్రిక వేగాస్‌లో హోటళ్లు మరీ ఎక్కువైపోయాయా అని ముఖచిత్ర కథనం రాసింది. అట్లాంటిక్ సిటీ వచ్చినప్పుడూ, 1980లో ఎంజీఎం గ్రాండ్ అగ్నిప్రమాదంలో 85 మంది చనిపోయినప్పుడూ, 2008 మాంద్యంలో భవనాలు మధ్యలో ఆగిపోయినప్పుడూ ఇదే మాటన్నారు. ప్రతిసారీ వేగాస్ ఒళ్లు దులుపుకుని లేచింది. మాంద్యంలో 2009లో ఆగిన ‘ఫౌంటెన్‌బ్లూ’ హోటల్ 2023 డిసెంబరులో తెరుచుకుంది.

ఈసారీ కదలిక మొదలైంది. 2025 వేసవిలో రిసార్ట్స్ వరల్డ్ హోటల్ కొన్నాళ్లు రిసార్ట్ ఫీజూ, పార్కింగ్ రుసుమూ ఎత్తేసింది. సెప్టెంబరులో నగరమంతా కలిసి అయిదు రోజుల తగ్గింపు అమ్మకం పెట్టింది. అక్టోబరులో ఎంజీఎం అధిపతి బిల్ హార్న్‌బకిల్ మదుపరులతో మాట్లాడుతూ, ఆ నీళ్ల సీసానూ, ఎక్స్‌కాలిబర్‌లోని 12 డాలర్ల కాఫీనీ ప్రస్తావించి తప్పు తమదేనని ఒప్పుకున్నారు. వేగాస్ నోట ఆ మాట రావడం చిన్న సంగతి కాదు.

అయితే తగ్గింపు వేరు, కొసరు వేరు. తగ్గింపు గిరాకీ లేనప్పుడు ఇచ్చేది. కొసరు గిరాకీ బాగున్నప్పుడూ ఇచ్చేది. పాత కొసరులోనూ నీతి లేదు. ఎవరి జీతమో ఆవిరైతేనే ఇంకొకరికి బఫే దక్కింది. అందుకని పాతరోజులే బంగారమని చెప్పలేం. ఆడేవాడి మీద పడిన భారాన్ని ఆడనివాడూ పంచుకోవడం ఒకరకంగా న్యాయమే అనేవాళ్లూ ఉన్నారు. కాకపోతే ఆ న్యాయంతో వేగాస్ మిగతా ఊళ్ల లాంటి ఊరైపోయింది. వేగాస్ లాంటి ఊరు కోసం వచ్చినవాడు అదే భరించలేకపోతున్నాడు.

స్ట్రిప్ దక్షిణపు కొసన ఓ బోర్డుంది. వేగాస్‌కు స్వాగతమంటూ 1959 నుంచీ వెలుగుతున్న బోర్డు. దాన్ని రూపొందించిన బెట్టీ విల్లిస్ ఆ బొమ్మ మీద హక్కులేవీ తీసుకోలేదు. ఊరికి కానుకగా వదిలేసింది. టీషర్టుల నుంచి తాళంచెవుల గుత్తి దాకా దాన్ని ఎవరైనా ముద్రించుకోవచ్చు. దాని ముందు ఫొటో దిగడానికీ పైసా ఇవ్వక్కర్లేదు. పగలూ రాత్రీ అక్కడ వరస ఉంటుంది. అందరూ ముందువైపే ఫొటో దిగుతారు. ఊరు విడిచి వెళ్లేవాళ్లకు మాత్రం వెనకవైపు కనిపిస్తుంది. జాగ్రత్తగా కారు నడపండి, త్వరలో మళ్లీ రండి అని రాసుంటుంది.

హోటల్ బిల్లు పక్క సీట్లో పడేసి పోతున్నవాడికి ఆ రెండోమాట చదవాలనిపిస్తుందా, లేదా? వేగాస్ తేల్చుకోవాల్సింది అదే.